కుట్టుమిషనులోని నూగు - దానిని తీయు విధము

తగరపువలస బజారులో బట్టల దుకాణముల వరుస వెంట నడచువారికి కుట్టుమిషను చప్పుడు వినబడని తావు అరుదు. అరుగులమీద, వసారాలలో, మేడమెట్ల క్రింది యిరుకుచోటులలో సయితము మిషను లున్నవి. ఈ యంత్రమునకు దారము కావలయుననియు, నూనె కావలయుననియు నెల్లరు నెఱుగుదురు. ఈ రెంటికిని నడుమ మూడవది యొకటి గలదు. అది మనము పెట్టక యే వచ్చి చేరును, చూడనివారికి కనబడదు, తీయనివారిని విడువదు. దానినే మేమిచ్చట నూగు అనుచున్నాము. బట్టనుండియు దారమునుండియు రాలిన సన్నని పీచు, వీథిదుమ్ము, పాతనూనె యీ మూడును కలసి యేర్పడిన పదార్థమిది. దీనిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు కారణము గలదు. మన విద్యార్థులలో పలువురి యిండ్లలో తల్లిగాని అక్కగాని పిన్నమ్మగాని కుట్టుపని చేయుచున్నది. సంక్రాంతి ముందటి పదిదినములలో ఆమె మిషను ఆగెనేని, ఆ యింటి పండుగయు నాగును. మిషను బాగుచేయువా డా దినములలో పిలిచిన వెంటనే రాడు. వచ్చినను, ఆతడు చేయు పనిలో సగము నూగు తీయుటయే. ఈ సగమును పదునాలుగేండ్ల బాలికయైనను బాలుడైనను చేయగలరని మా నమ్మకము.

ముందుగా నూగు ఎక్కడనుండి వచ్చునో తెలిసికొందము. బట్టనుండి వచ్చునని యందఱు ననుకొందురు. అది నిజమే గాని, పైదారమునుండి వచ్చునది తక్కువ గాదు. మిషను కుట్టు ఎట్లు పడుచున్నదో చూడుడు. సూది క్రిందికి దిగి, కొంచెము పైకి లేచునప్పుడు దారము ఉచ్చుగా విప్పుకొనును. షటిలు కొక్కెము ఆ యుచ్చును పట్టి, బాబిను కేసు చుట్టును త్రిప్పి విడుచును. పిమ్మట పైనున్న లాగుడుకఱ్ఱ ఆ దారమును తిరిగి పైకి లాగును. క్రిందిదారముతో పైదారము మెలివేసికొని బట్టనడుమ బిగిసిన, అదియే ఒక కుట్టు. ఇచ్చట చిన్న లెక్క యొకటి చేయవచ్చును. బాబిను కేసు చుట్టును తిరుగవలసిన యుచ్చు పొడవు సుమారు 8 సెంటీమీటర్లు, అనగా 80 మిల్లీమీటర్లు. ఒక్క కుట్టులో నిజముగా ఖర్చగు దారము 3 మిల్లీమీటర్లకు మించదు. తక్కిన 77 మిల్లీమీటర్లును సూదికంటిగుండా దిగి, మరల సూదికంటిగుండానే పైకి పోవును. కాబట్టి దారములోని ప్రతి భాగమును బట్టలో స్థిరపడుటకు ముందు ఇంచుమించు ఇరువదియైదు మార్లు ఆ యుక్కు కంటిలో రాపిడి పడును. నూలుదార మనగా పొట్టి పొట్టి పత్తిపీచులను పురిపెట్టి చేసినది. ఇన్ని మార్లు రాసికొన్నప్పుడు పైకి పొడుచుకొనియున్న పీచుల చివరలు తెగి రాలుట వింత గాదు. అవి సూదిపలక క్రింద, షటిలు గూటిలో పడును. చవుకరకపు దారములో తెగు పీచు మఱింత యెక్కువ. నాలుగు రూపాయలు మిగిలెనని యట్టి దారము కొనువారు ఆ మిగిలినదానిని మఱియొకచోట చెల్లింతురు.

బట్టయొక్క పాలు బట్టను బట్టి యుండును. కొత్త గంజిబట్ట గంజిపొడిని రాల్చును. తువాలు గుడ్డ, ఉన్ని, ఫ్లానెలు పీచును రాల్చును. చేతితో వడకిన నూలుబట్టకు నూగు కొంత హెచ్చు. శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు ఖద్దరునకై ప్రత్తిని వాలుగచేప దవడతో దువ్వి శుభ్రపఱచుదురన్న సంగతి మీలో కొందఱు విని యుందురు. పీచును ఆ విధముగా దువ్వి తీసిన తరువాతనే ఆ నూలు అంత సన్నముగా దిగును. ఇక గోనెగుడ్డ కుట్టువారి సంగతి వేరు. గోస్తనీనది యొడ్డున మనకు ఆనుకొనియే యున్న చిట్టివలసలో జనుపనార మిల్లు పలుతరములు నడచి 2009లో మూతపడినది. ఆ మిల్లులో పనిచేసినవారు మన యూళ్లలో నేటికిని గలరు. నారను మెత్తబఱచుటకై నూనెయు నీరును కలిపి చల్లుదురనియు, వడకునప్పుడు లేచు నారదుమ్ము యంత్రములపై పేరుకొనుననియు, దానిని తుడువకున్న యంత్రము వేడెక్కి నిప్పునకు దారితీయుననియు వారు చెప్పగలరు. పెద్ద మిల్లులో నూగు చేయు కీడే చిన్న మిషనులో చిన్న కొలతలో జరుగుచున్నది.

మన ప్రాంతమున మఱియొక సంగతి గలదు. గోస్తని సముద్రమున గలియు భీమునిపట్నము మనకు దూరము గాదు. సముద్రపుగాలి చెమ్మతోను ఉప్పుతోను కూడి యుండును. పొడినూగు గాలిలో తేలి పోవచ్చును గాని, చెమ్మ తగిలిన నూగు ఇనుమును అంటుకొని యుండును. అట్లంటుకొనిన చోట తుప్పు పుట్టును. వానకాలములో నెలరోజులు మూసియుంచిన మిషనును తెరచి చూచినవారికి షటిలు గూటిలో ఎఱ్ఱని పొడి కనబడుటకు కారణమిదే.

ఈ నూగు చేయు కీడు ఎట్టిది? దీపపు ప్రమిదను తలచుకొనుడు. ప్రత్తివత్తి నూనెను తనలోనికి పీల్చుకొని పైకి తీసికొనిపోవును. మిషనులోని నూగుకూడ ప్రత్తియే. ఉక్కు కొక్కెము తిరుగు గాడిలో మీరు వేసిన నూనెచుక్కను గాడి ప్రక్కనున్న నూగు వత్తివలె పీల్చుకొనును. నూనె వేసితిమి గదాయని మన మూరకుందుము. గాడి మాత్ర మెండియే యుండును. ఎండిన ఇనుము ఇనుముతో రాసికొని చప్పుడు చేయును, వేడెక్కును, అరగును. చప్పుడు వినగానే మఱికొంత నూనె పోయుదురు. నూగు మఱికొంత త్రాగి ఉబ్బును. మిషనుకు నూనె ఎక్కువైనదో తక్కువైనదో ఇంటివారు వాదులాడుకొనుచుండ, తప్పు నూనెది గాదు.

సూదిపలక క్రింద బట్టను వెనుకకు జరపు పండ్లున్నవి. వాని నడుమ గాళ్లలో నూగు చేరి, పైనుండి బట్టయొత్తిడికి అణగి అణగి, కంబళిముక్కవలె గట్టిపడును. అప్పుడు పండ్లు పలకపైకి రావలసినంత రావు. బట్ట సరిగా కదలదు. కుట్లు ఒకదానిపై నొకటి పడును. కుట్టువారు బట్టను చేతితో వెనుకకు లాగుదురు. ఆ లాగుటలో సూది వంగును. వంగిన సూది పలకకు తగిలి విఱుగును. ఒక్క సంక్రాంతికి అరడజను సూదులు విఱుచుకొనినవారు ముందుగా పండ్లసందులు చూడవలెను.

మూడవ తావు పైదారమును బిగబట్టు రెండు బిళ్లలు. వానినడుమ చిన్న పీచుముక్క చిక్కుకొనినను బిళ్లలు దగ్గఱకు రావు. పైదారము వదులై బట్ట అడుగున గూడువలె చిక్కు పడును. చిక్కు అడుగున నున్నది గాన తప్పు క్రిందిదారముదేయని యనుకొని, బాబిను కేసు మీది చిన్న మరను త్రిప్పుట మొదలుపెట్టుదురు. ఈ పొరపాటు మిక్కిలి సాధారణము. అడుగున చిక్కు పడిన పైదారమును, పైన క్రిందిదారము చుక్కలుగా కనబడిన క్రింది బిగువును చూడవలెనని యొక గుర్తు పెట్టుకొనుడు. నాలుగవది బాబిను కేసు మీది యుక్కురేకు. దానిక్రింద గోరంత నూగు చేరినను క్రిందిదారము ఒకసారి బిగువుగా, ఒకసారి వదులుగా వచ్చును.

ఈ యంత్రపు చరిత్రను గూర్చి ఒక్క మాట. ఫ్రాన్సు దేశమున తిమోన్యే యను దర్జీ 1830లో కుట్టుయంత్రమునకు హక్కుపత్రము పొందెను. తమ జీవనము పోవునని భయపడిన దర్జీలు మఱుసటియేట ఆతని యంత్రములను పగులగొట్టిరి. అమెరికాలో ఎలియాస్ హో 1846లోను, ఐజాక్ సింగరు 1851లోను తమ తమ యంత్రములకు హక్కులు పొందిరి. 1924లో యంత్రములన్నియు కూడవా యను ప్రశ్నకు జవాబు చెప్పుచు గాంధీమహాత్ముడు సింగరు కుట్టుమిషనును మినహాయించెను. 1930ల దశకమున కలకత్తాలో జై ఇంజనీరింగు వర్క్సువారు ఉషా మిషనులను చేయ మొదలిడిరి. నాడు దర్జీలు పగులగొట్టిన యంత్రమే నేడు దర్జీని పోషించుచున్నది. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన విశ్వకర్మ పథకములో దర్జీవృత్తియు చేర్చబడినది. పనిముట్లకై 15,000 రూపాయలవరకు సాయము ఆ పథకమున గలదు. అట్లు వచ్చిన మిషనైనను, అమ్మమ్మనాటి మిషనైనను నూగు విషయమున భేదము లేదు.

ఇక శుభ్రపఱచు విధము. మన యిండ్లలో హెచ్చుగా నున్న గుండ్రని బాబిను మిషనును దృష్టిలో నుంచుకొని వ్రాయుచున్నాము. కావలసినవి మెత్తని చిన్న కుంచె యొకటి, పాత పండ్లకుంచె యొకటి, స్క్రూడ్రైవరు, పీచు రాలని పాత పంచెముక్క, కొన చెక్కిన వెదురుపుల్ల, మిషను నూనె. కొందఱు దర్జీలు కోడియీకను వాడుదురు. అదియు మంచి పనిముట్టే. ఇరుకైన మూలలకు కుంచెకంటె నదియే చక్కగా పోవును. ఒక తెల్లని గుడ్డను బల్లపై పఱచి, ఊడదీసిన ప్రతివస్తువును తీసిన వరుసలోనే దానిపై నుంచుడు. సూదిపలక మరలు రెండును చిన్నవి. అవి నేలపై పడి తలుపు సందులో దొరలిన పిదప వెదకుట కన్న ఈ జాగ్రత్త సులువు.

మోటారు మిషనైనచో ముందుగా కరెంటు తీగను గోడనుండి ఊడబెఱుకవలెను. స్విచ్చి ఆపితిమి గదాయని యూరకుండరాదు; పాదమునకు తగిలి మిషను కదలినచో వ్రేలిలో సూది దిగును. కాలిమిషనైనచో పట్టీని చక్రమునుండి తప్పించుడు. తరువాత చేతిచక్రమును త్రిప్పి సూదిని మిక్కిలి పైకి తెచ్చి, దారము తీసి, సూదిని, బట్టను నొక్కిపట్టు పాదమును ఊడదీయుడు. సూదిపలక మరలు విప్పి పలకను ఎత్తగానే పండ్లనడుమ గట్టిపడిన నూగు కనబడును. మొదటిసారి చూచిన పిల్లలు అది మిషనులోని భాగమే యనుకొనుట కద్దు. అంత చక్కగా పండ్ల ఆకారమునకు అచ్చుపోసినట్లుండును. దానిని వెదురుపుల్లతో ఒకమూలనుండి లేపిన, చాపవలె లేచివచ్చును. గుండుసూదితోగాని బ్లేడుతోగాని గోకరాదు. ఉక్కుతో ఉక్కును గోకిన గీత పడును. గీతపడిన చోట దారము తగులుకొని తెగును.

పిమ్మట బాబిను కేసును తీసి, షటిలు గూటికి ఇరుప్రక్కల నున్న రెండు గడియలను వెలుపలికి త్రిప్పుడు. గుండ్రని కంకణము ఊడివచ్చును. దానివెనుక చంద్రవంకవలె నున్న కొక్కెమును నడిమి ములుకును పట్టి తీయవచ్చును. గూటిని కుంచెతో లోపలినుండి వెలుపలికి తుడువుడు. తెగిన దారపుముక్క కొక్కెము వెనుక దాగియుండుట తరచు జరుగును. గూడు గట్టిగా చప్పుడు చేయుటకు, చక్రము సగము తిరిగి ఆగిపోవుటకు ఈ దారపుముక్కయే కారణమని మేము పలుమార్లు చూచితిమి. కొక్కెము మొనను గోటితో మెల్లగా తడవి చూడుడు. గరుకు తగిలినచో ఎప్పుడో సూది తగిలి దెబ్బతిన్నదన్నమాట. దానిని నునుపుచేయుట మిషను బాగుచేయువాని పని. పంచెముక్కతో గాడిని తుడిచి, గాడియందు ఒకేయొక చుక్క నూనె వేయుడు. తిరిగి పెట్టునప్పుడు, సూది పైననుండగా కొక్కెమును త్రిప్పు చోదకము ఎడమప్రక్క అర్ధచంద్రమువలె నిలిచియుండును. కొక్కెమును కుడిప్రక్క నర్ధచంద్రముగా చేర్చిన రెండును గలసి నిండుచంద్రునివలె నగును. అట్లు కాకున్న ఎక్కడనో తప్పు జరిగినదని యెఱిగి, బలవంతముగా గడియలు మూయక మరల చూడవలెను. పాతకాలపు పొడవుషటిలు మిషనులు కొన్ని యిండ్లలో నింకను గలవు. వానిలో ఈ బాధ లేదు. ముందరి రేకును జరిపి పడవవంటి షటిలును తీసి, అది ఊగు తొట్టెను తుడిచిన చాలును.

పైదారపు బిళ్లలనడుమ శుభ్రపఱచుటకు ముందు పాదమును ఎత్తు కఱ్ఱను పైకెత్తుడు. ఆ కఱ్ఱ ఎత్తినపుడే బిళ్లలు విడివడును. అప్పుడు పల్చని గుడ్డపేలికను నడుమకు దోపి రెండు మూడు మార్లు ఇటునటు లాగిన, చిక్కిన పీచు గుడ్డతో వచ్చును. బాబిను కేసు రేకుక్రింద దళసరి కాగితపు మూలను దూర్చి, దారము వచ్చు దిక్కుననే లాగవలెను.

నోటితో ఊదుట వద్దు. ఇది చిన్నపిల్లలకేగాక పెద్దలకును చెప్పవలసిన మాట. ఊదినప్పుడు నూగు వెలుపలికి రాదు. ఇంకను లోపలికి, కుంచె అందని తావునకు పోవును. మన యూపిరిలోని చెమ్మ ఉక్కుమీద తుప్పునకు మొదలగును. ఎగిరిన దుమ్ము కన్నులలోను ముక్కులోను పడును. ప్రత్తిదుమ్మును ఏండ్లతరబడి పీల్చిన నూలుమిల్లు పనివారికి ఊపిరితిత్తుల వ్యాధి వచ్చుట వైద్యులెఱిగిన సంగతి. ఇంటి మిషనులో అంత దుమ్ము లేకపోయినను, దానిని ముఖముపైకి తెచ్చుకొన నక్కఱలేదు.

నూనె సంగతి కొంచెము విరివిగా చెప్పక తప్పదు. మిషనులను చంపునది ఎక్కువగా వంటింటి నూనెయే. వేరుసెనగనూనె, నువ్వులనూనె గాలి తగిలి కొలదినెలలలో బంకగా మాఱును. కొబ్బరినూనె 24 డిగ్రీల వేడికి లోబడిన గడ్డకట్టును. పుష్యమాసపు తెల్లవారుజామున మన వసారాలలో అంతకంటె చల్లదన ముండును గదా! ఆముదము మొదటినుండియు చిక్కనిదే. ఈ బంకలో నూగు చేరిన మైనమువలె గట్టిపడి, చక్రము కదలదు. మే మెఱిగిన యొక యింట పెద్దామె వాడిన కాలిమిషను ఇట్లే బిగుసుకొని మూడేండ్లు మూలనుండెను. పాత యినుము కొనువాడు వచ్చి, తూకము చొప్పున వెల గట్టి, మఱునాడు బండి తెత్తునని పోయెను. ఆ యింటి కోడలు ఆ సాయంకాలము నూనె రంధ్రములన్నిట కిరసనాయిలు చుక్కలుచుక్కలుగా వేసి యుంచెను. తెల్లవారి చక్రము వ్రేలెడు కదలెను. మరల కిరసనాయిలు, మరల తుడుపు. గుడ్డమీద తేనెరంగు బంక దిగుచుండెను. బండివాడు వచ్చువేళకు చక్రము సగము తిరుగుచుండెను. ఆతనిని వట్టిచేతులతో పంపివేసిరి. మూడవనాటికి మిషను తిరిగెను. నేడామె దానిమీదనే రవికెలు కుట్టి కూతురి బడి ఖర్చు గడుపుచున్నది. కిరసనాయిలు బంకను కరగించునే గాని నూనెకు బదులు గాదు. పని ముగియగానే బాగుగా తుడిచి, మిషను నూనె వేయవలెను. ఆ సమయమున దగ్గఱ దీపముగాని పొయ్యిగాని ఉండరాదు.

తుపాను దినములలో తడిసిన మిషనును గూర్చియు అడుగువారు గలరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నముమీద విరుచుకుపడి, కరెంటు దినములతరబడి లేకుండెను. అట్టి వేళల మోటారు మిషను బొమ్మవలె నుండ, కాలిమిషను పనిచేయును. అందుచేత మోటారు బిగించినవారైనను క్రింది తొక్కుడుపలకను పాతయినుమునకు వేయకుందురు గాక. తడిసిన మిషనును వెంటనే త్రిప్పరాదు. పలకయు షటిలును ఊడదీసి, తడినూగునంతయు తీసి, నీడలో గాలి తగులునట్లు రెండుదినము లుంచి, అన్ని రంధ్రములలో నూనె వేసి, చేతితో మెల్లగా త్రిప్పవలెను. మోటారు తడిసినచో తెలిసినవానికి చూపక తీగ తగిలింపరాదు.

ఎన్నాళ్ల కొకసారి తుడువవలెనని అడిగినచో, దినమంతయు కుట్టువారు ప్రతిసాయంకాలము కుంచెతో గూటిని ఒకసారి తుడిచి, వారమున కొకసారి పలకను ఎత్తవలెను. ఇంటివాడుకకు నెల కొకసారి చాలును. తువాలు, ఉన్ని, గోనె కుట్టినచో ఆ పని ముగియగానే తుడువవలెను. మఱునాటికి వాయిదా వేయరాదు. సూదిని మార్చునప్పుడెల్ల పలకనుకూడ ఎత్తి చూచుట యను అలవాటు మాకు మంచిదిగా తోచుచున్నది. లెక్క పెట్టుకొన నక్కఱలేదు.

అన్నియు తిరిగి బిగించిన పిదప దారము లేకుండ చక్రమును చేతితో పదిమార్లు త్రిప్పుడు. ఎచ్చటను తగులుకొనకున్న, దారము పెట్టి పాతగుడ్డముక్కమీద బారెడు కుట్టుడు. మొదటి కుట్లపై నల్లని నూనె మరక పడును. మరక పడని వఱకును గుడ్డను మార్చి కుట్టుచుండవలెను. లేకున్న ఆ మరక ఎవరి పెండ్లిరవికె మీదనో పడును. తరువాత గుడ్డను త్రిప్పి రెండుప్రక్కలను వెలుతురులో చూడుడు. రెండువైపుల కుట్టు ఒక్కతీరున నున్నచో మిషనుమీద మూత వేయవచ్చును. చెక్కమూత లేనివారు దళసరి గుడ్డను కప్పిన చాలును గాని, ప్లాస్టికు సంచిని బిగించి కట్టరాదు. సముద్రపుచెమ్మ లోపలనే చిక్కుకొని, మీరు తుడిచిన ఇనుమునకే తుప్పు పట్టించును.